ముప్ఫై ఏళ్లు వర్జీనియా పొగాకు పండించిన నాన్నకి వర్జీనియా చూపించాలి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

కొండపి ఆడబిడ్డ:

అందరికీ నమస్కారం. రిచ్మండ్ పక్కన ఉంటాం, ఏడేళ్లయింది. వచ్చే నెల నాన్న వస్తున్నారు. ఆయనకి 68. కొండపి దగ్గర మా ఊరు. ముప్ఫై రెండేళ్లు వర్జీనియా పొగాకు పండించారు. రెండు బ్యారన్లు (పొగాకు ఆకుని వేడితో కాల్చి పదును చేసే కొట్లు) ఉండేవి, ఒకటి ఇప్పుడు గొర్రెల కొట్టం అయింది. పోయినసారి వస్తే న్యూయార్కు, నయాగరా తిప్పాం. నయాగరా దగ్గర అరగంట నిలబడి "నీళ్లు బాగానే పడతన్నయ్" అని వెనక్కి తిరిగారు. ఈసారి ఫోన్లో ముందే చెప్పేశారు: "ముప్ఫై ఏళ్లు వర్జీనియా వర్జీనియా అని చచ్చాం గదమ్మా, ఆ వర్జీనియా ఏందో చూపీ."

నా తిప్పలేమిటంటే నాకే ఏమీ తెలీదు. పదో తరగతి సోషల్లో చదివింది కొలంబస్, బోస్టన్లో టీ పారబోయడం, లింకన్. మధ్యలో అంతా ఖాళీ. మావాడు నాలుగో తరగతి, బళ్లో వర్జీనియా చరిత్రే చెబుతున్నారు. వాడికి తెలుగు అంతంతమాత్రం, తాతకి ఇంగ్లీషు రాదు, ఇద్దరి మధ్యా నేను. నాన్న తేదీలు అడిగే మనిషి కాదు. ఏ ఊరెళ్లినా అడిగేవి మూడే: భూమి ఎవరిది, దున్నింది ఎవరు, ఎంత పలికింది. ఈ మూడిటికీ జవాబు దొరికేలా ఎక్కడెక్కడ తిప్పమంటారు? మోకాళ్ల నొప్పులున్నాయి, ఎక్కువ నడవలేరు.

అట్లాంటా బాబాయ్:

డీసీ తీసుకెళ్లండి. మ్యూజియాలకి టికెట్ లేదు, లింకన్ బొమ్మ దగ్గర ఫొటో, దారిలో గుడి. మా వాళ్లందరికీ అదే చేశాం. పెద్దవాళ్లకి హిస్టరీ ఎందుకండీ, కాళ్లు నొప్పులు తప్ప.

టంగుటూరు బేలు:

బాబాయ్ మాట పక్కన పెట్టమ్మా. మీ నాన్న అడిగిన మూడు ప్రశ్నలూ పట్టుకుంటే ఈ దేశం మొదటి రెండొందల అరవై ఏళ్లూ చేతికొస్తాయి.

మాది టంగుటూరు. చిన్నప్పుడు బడి వదలగానే పొగాకు కర్రలకి ఆకు అల్లిన వాణ్ణే. ఇరవై నాలుగేళ్లుగా డాన్‌విల్‌లో ఆస్పత్రి ల్యాబ్‌లో పని. ఒకప్పుడు ఈ ఊరు పొగాకు వేలాలకి పెట్టింది పేరు. ఇంత దూరం వచ్చి మళ్లీ పొగాకు ఊళ్లోనే పడ్డావా అని మా అమ్మ నవ్వింది. ఆ ఉక్రోషంతోనే ఇదంతా తవ్వుకున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు జేమ్స్‌టౌన్ తీసుకెళ్లు. మీ ఇంటి నుంచి గంట. 1607 మేలో 104 మంది మగవాళ్లు, కుర్రాళ్లు అక్కడ దిగారు. పంపింది రాజు కాదు, లండన్‌లో షేర్లు అమ్ముకున్న వర్జీనియా కంపెనీ. నాన్నకి ఇది ఇలా చెప్పు: మన ఈస్టిండియా కంపెనీ 1600లో పుట్టింది, ఇది దానికి ఆరేళ్ల తమ్ముడు. రెండిటికీ పెత్తనం చేసిన వాడు ఒకడే, సర్ థామస్ స్మిత్ అని లండన్ వర్తకుడు. ఈ ఒడ్డున గుడిసెలు వేసిన నాలుగేళ్లకి, 1611లో, అన్న కంపెనీ ఓడ మన మచిలీపట్నంలో లంగరేసింది. అక్కడ కొనడానికి నేసిన బట్ట ఉంది కాబట్టి కొట్టు పెట్టారు. ఇక్కడ కొనడానికి ఏమీ దొరకలేదు కాబట్టి నేల పట్టారు. తేడా అంతే అని నా లెక్క.

బంగారం కోసం తవ్వారు, లేదు. 1609 చలికాలానికి తిండి అయిపోయింది. కోటలో సుమారు 300 మంది ఉంటే వసంతానికి మిగిలింది 60 మంది. గుర్రాలు, ఎలుకలు అయిపోయాక శవాల్ని కూడా తిన్నారని పాత కాగితాల్లో ఉండేది. ఒక పిల్ల పుర్రె మీద కత్తిగాట్లు దొరికాయని 2013లో తవ్వకాల వాళ్లు ప్రకటించారు. ఆ పుర్రె అక్కడే మ్యూజియంలో పెట్టారు. మీవాడికి చూపించాలో లేదో నువ్వే ఆలోచించుకో.

వీళ్లని బతికించింది పొగాకు. ఇక్కడి తెగల వాళ్లు పండించే రకం మన నాటు పొగాకు కంటే ఘాటు, గొంతు పట్టేసేది. జాన్ రాల్ఫ్ అనే అతను స్పెయిన్ వాళ్ల దీవుల నుంచి మెత్తటి రకం విత్తనం సంపాదించి 1612 ప్రాంతంలో నారు పోశాడు. 1617లో లండన్ వెళ్లిన సరుకు 20,000 పౌన్లు. ఆ ఏడు కొత్తగా వచ్చిన అధికారి చూసేసరికి జేమ్స్‌టౌన్ వీధుల్లో, సంత జరిగే చోట కూడా పొగాకు మొక్కలే. జొన్న వెయ్యండ్రా, చస్తారు, అని చట్టం చేయాల్సి వచ్చింది. (ఇక్కడి జొన్నంటే మన మొక్కజొన్న.) రాల్ఫ్ పెళ్లి చేసుకున్నది పోకహాంటస్‌ని. మీవాడికి ఆ పిల్ల కార్టూన్ తెలిసే ఉంటుంది. ఇంగ్లండు తీసుకెళ్తే 1617లో అక్కడే చనిపోయింది, ఇరవై దాటిందో లేదో.

ఇక మొదటి ప్రశ్న, భూమి ఎవరిది. ఆ పిల్ల తండ్రిది. పౌహటన్ అని పిలిచే ఆయన కింద ముప్ఫై దాకా తెగలుండేవి. పొగాకు మూడు నాలుగు పంటలకే నేలని పీల్చేస్తుందని మీ నాన్నకి చెప్పక్కర్లేదు. మనం ఎరువు తోలతాం. వీళ్లకి పశువులు తక్కువ, అడవి ఎక్కువ. పాత చేను బీడు పెట్టి నది వెంట పైకి పాకేవాళ్లు. ఓడ ఖర్చు పెట్టుకుని ఒక మనిషిని తెస్తే 50 ఎకరాలు ఇస్తామని 1618లో కంపెనీ రాసిచ్చింది. 1622 మార్చిలో పౌహటన్ తమ్ముడు ఒక్క పొద్దున 347 మందిని చంపించాడు, వలసలో నాలుగో వంతు. ఆ తర్వాత పాతికేళ్ల కొట్లాటలో ఆ తెగలే చితికిపోయాయి. అయితే పూర్తిగా పోలేదు. పమంకీ వాళ్ల ఊరు మీకు దగ్గర్లోనే ఉంది. పాత ఒప్పందం ప్రకారం ఇప్పటికీ ఏటా నవంబర్లో జింకను తెచ్చి గవర్నర్ గుమ్మం ముందు కానుక పెడతారు. నేను ఒకసారి సెలవు పెట్టి మరీ వెళ్లి చూశాను.

రెండో ప్రశ్న, దున్నింది ఎవరు. దీనికి హాంప్టన్ వెళ్లాలి, ఫోర్ట్ మన్రో. అప్పట్లో పాయింట్ కంఫర్ట్ అనేవాళ్లు. 1619 ఆగస్టు చివర వైట్ లయన్ అనే ఓడ అక్కడ ఆగి, పోర్చుగీసు వాళ్ల నుంచి దోచుకున్న ఇరవై మందికి పైగా ఆఫ్రికా మనుషుల్ని దించి, బదులుగా తిండి సామాను ఎక్కించుకుపోయింది. సరిగ్గా నెల ముందు, జులై 30న, జేమ్స్‌టౌన్ చర్చిలో వలస మొదటి శాసనసభ కూర్చుంది. ఓటూ బానిసత్వమూ ఒకే వేసవిలో, ఒకే నది మీద మొదలయ్యాయి.

మీ నాన్న ఇక్కడ "మన పాలేర్ల లాగే గదా" అంటారు. నేనూ అలాగే అనుకున్నా. మొదట్లో కొంత అలాగే ఉండేది కూడా: ఓడ ఖర్చు కింద నాలుగు నుంచి ఏడేళ్లు చాకిరీ రాసిచ్చిన ఇంగ్లండు కూలీలే ఎక్కువ. కానీ 1662లో ఒక చట్టం చేశారు, తల్లి బానిసైతే బిడ్డా బానిసే అని. తండ్రి యజమానే అయినా సరే. పాలేరుకి బాకీ ఉంటుంది, ఎంత మోసపు లెక్కైనా దానికో అంకె ఉంటుంది. దీనికి అంకె లేదు. 1676లో బేకన్ అనే అతని తిరుగుబాటులో తెల్ల కూలీలు, నల్ల బానిసలు కలిసి జేమ్స్‌టౌన్‌ని తగలబెట్టారు. 1705కల్లా చట్టాలన్నీ ఒక్కచోట కట్టి, నల్లవాడు ఆస్తి, తెల్లవాడు ఎంత బీదవాడైనా మనిషి అని గీత గీసేశారు. నాన్నకి అన్నిటికంటే ఇది నిదానంగా చెప్పు.

యార్క్‌టౌన్ దారిలోనే, అరపూట చాలు. పొగాకు దొరల్లో చాలామంది లండన్ కమీషన్ వ్యాపారులకి బాకీ ఉండేవాళ్లు. వాషింగ్టన్ విసిగిపోయి 1760ల్లో పొగాకు మానేసి గోధుమ వేశాడు. స్వాతంత్ర్య యుద్ధానికి కారణం అదొక్కటే అనను గానీ, బాకీ ఉన్నవాడికి స్వాతంత్ర్యం మీద ప్రేమ కొంచెం ఎక్కువే ఉంటుంది. 1781 అక్టోబర్ 19న ఇంగ్లండు సేనాని కారన్‌వాలిస్ సైన్యం ఇక్కడే లొంగిపోయింది. ఒంట్లో బాలేదని తను రాకుండా కింద అధికారిని పంపాడు. ఐదేళ్లకి ఆయన్నే ఇండియాకి గవర్నర్ జనరల్‌గా పంపారు. 1793లో బెంగాల్లో శాశ్వత జమీందారీ పెట్టింది ఈయనే, అదే పద్ధతి 1802లో మన సర్కారు జిల్లాలకీ వచ్చింది. ఇక్కడ ఓడినవాడు అక్కడ మన భూమి లెక్క రాశాడని చెబితే మీ నాన్న ఆ పచ్చికలో కాసేపు నిలబడతారు. నేను నిలబడ్డాను.

తర్వాత రిచ్మండ్. మీ ఊరే కాబట్టి వదిలేస్తారేమో, వదలొద్దు. షాకో బాటమ్‌లో మనుషుల్ని వేలం వేసేవాళ్లు. వర్జీనియా నేల అలిసిపోయి పొగాకు గిట్టుబాటు కాకపోతే దొరలకి మిగిలిన సరుకు మనుషులే. కింద పత్తి రాష్ట్రాలకి అమ్మారు. 1790 నుంచి 1860 లోపు పైరాష్ట్రాల నుంచి అలా సుమారు పది లక్షల మంది దిగువకి తరలిపోయారు. మనుషులందరూ సమానం అని 1776లో రాసిన జెఫర్సన్ బాకీలతోనే పోయాడు. ఆయన పోయిన ఆర్నెల్లకి, 1827 జనవరిలో, ఆయన బంగళా మాంటిసెల్లో పచ్చికలో 130 మంది బానిసల్ని వేలం వేశారు.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్న కాల్చిన బ్యారన్ పుట్టిల్లు మా డాన్‌విల్ పక్కనే. సరిహద్దు దాటితే నార్త్ కరోలినాలో కాస్వెల్ కౌంటీ. 1839లో అబైషా స్లేడ్ అనే రైతు దగ్గర స్టీఫెన్ అనే బానిస కుర్రాడు బ్యారన్ కాపలా ఉన్నాడు. నిద్ర పట్టేసింది, నిప్పు ఆరబోయింది. లేచి భయంతో కొలిమి దగ్గర బొగ్గు తెచ్చి గుమ్మరించాడు. ఒక్కసారిగా పొడి వేడి తగిలి ఆకంతా నిమ్మపండు రంగుకి తిరిగింది. ఇక్కడ అందరూ చెప్పుకునే కథ ఇది. ఆ పసుపు ఆకునే బ్రైట్ లీఫ్ అన్నారు. పొగ తగలకుండా గొట్టాల్లో వేడి పంపే పద్ధతి తర్వాత స్థిరపడింది, 1920ల్లో గుంటూరు చేరింది, మన ఎర్రనేలలకీ పాకింది. బ్యారన్‌లో రాత్రంతా ఉష్ణం చూసుకుంటూ కునికిపాట్లు పడ్డ ఏ రైతుకైనా స్టీఫెన్ భయం తెలుసు. మా నాన్నకి చెబితే "వాడికి ఏమన్నా ఇచ్చారా?" అన్నాడు. ఏమిస్తారు.

ఇక బానిసత్వం మీద ఉత్తర, దక్షిణ రాష్ట్రాలు కొట్టుకున్న అంతర్యుద్ధం. ఆ యుద్ధం గురించి చాలామంది గెటిస్‌బర్గ్ అంటారు. నువ్వు మళ్లీ ఫోర్ట్ మన్రోకే రా. 1861 మే 23న యూనియన్ నుంచి విడిపోవడానికి వర్జీనియా ఓటేసింది. ఆ రాత్రే ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మలరీ, జేమ్స్ టౌన్‌సెండ్ అనే ముగ్గురు బానిసలు పడవ తీసుకుని కోటకి వచ్చేశారు. కోట లింకన్ సైన్యం చేతిలో ఉంది. మర్నాడు యజమాని తరఫున ఒక అధికారి వచ్చి, పారిపోయిన బానిసల్ని అప్పజెప్పాలని మీ చట్టమే చెబుతోంది గదా అన్నాడు. కోటలో బట్లర్ అనే జనరల్, వృత్తికి వకీలు. మీది వేరే దేశం అని నిన్ననే ఓటేశారు, వేరే దేశానికి మా చట్టం వర్తించదు, వాళ్లు మీ ఆస్తి అని మీరే అంటున్నారు, శత్రువు ఆస్తిని యుద్ధంలో జప్తు చేయొచ్చు, పంపను పొమ్మన్నాడు. మాట బయటికి పొక్కింది. వందలు, తర్వాత వేలు వచ్చి చేరారు. లింకన్ విముక్తి ప్రకటన అమల్లోకి రావడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. 1619లో దించిన రేవులోనే 242 ఏళ్ల తర్వాత జరిగింది ఇది. ఆ గట్టు మీద బెంచీలున్నాయి, మోకాళ్ల నొప్పులకి ఇబ్బంది లేదు.

యుద్ధం చివర్లో కూడా పొగాకే. 1865 ఏప్రిల్ 2 రాత్రి, విడిపోయిన దక్షిణాది వాళ్లు తమ రాజధాని రిచ్మండ్ వదిలి పారిపోతూ, శత్రువు చేతికి చిక్కకూడదని పొగాకు గోదాములకి నిప్పు పెట్టారు. గాలికి ఊరి వ్యాపార వీధులన్నీ కాలిపోయాయి. వాళ్ల అధ్యక్షుడు రైలెక్కి మా డాన్‌విల్ వచ్చి ఒక పొగాకు షావుకారు ఇంట్లో వారం రోజులు దేశాన్ని ఏలాడు. ఏప్రిల్ 9న అపొమాటక్స్‌లో వాళ్ల సేనాని లీ లొంగిపోయాడు. ఓపికుంటే అక్కడికీ వెళ్లండి, లేకపోయినా ఫర్వాలేదు.

చీరాల మగ్గం:

బేలు గారూ, చదవడానికి బాగుంది గానీ పొగాకుతోనే మొత్తం కట్టేస్తున్నారు. నేను మాసచూసెట్స్‌లో ఉంటాను. యుద్ధం తెచ్చింది పొగాకు కాదు, పత్తి. 1793లో గింజ తీసే మిషన్ రాకపోతే బానిసత్వం దానంతటదే సన్నగిల్లేదేమో. 1860 నాటికి ఈ దేశం ఎగుమతుల్లో సగానికి పైగా పత్తే. ఇంకో మాట. పాపమంతా దక్షిణానిదే అన్నట్టు రాశారు. ఆ పత్తిని నేసింది మా పక్కనున్న లోవెల్ మిల్లులు. ఆ మగ్గాల హోరు ఇప్పటికీ మ్యూజియంలో నడిపి వినిపిస్తారు. మా తాతల మగ్గాల పొట్ట కొట్టింది మాంచెస్టర్ బట్ట, ఆ మాంచెస్టర్‌కి పత్తి పంపింది ఈ బానిసలే. యుద్ధంలో ఆ సరుకు ఆగిపోతే నాలుగేళ్లు మన దేశం పత్తికి రేటు ఆకాశానికెక్కింది, యుద్ధం అయిపోగానే కూలింది. నాన్నగారికి అదీ చెప్పండి, రేటు కథ కాబట్టి పడుతుంది.

టంగుటూరు బేలు:

మగ్గం గారూ, పత్తి మాట ఒప్పుకుంటున్నా. 1860 లెక్కల్లో దాదాపు 40 లక్షల మంది బానిసలుంటే ఎక్కువమంది పత్తి చేలల్లోనే. ఉత్తరానికి కూడా చేతులు కడుక్కునే వీల్లేదు. కానీ పెద్దాయన వర్జీనియా అడిగారు, పండించింది పొగాకు. రైతుకి తన పంటతో చెబితేనే ఎక్కుతుంది. పత్తి కథ మీ దగ్గరికొచ్చినప్పుడు మీరు చెప్పండి, లోవెల్ నేనూ చూడలేదు.

కొండపి ఆడబిడ్డ:

రెండు నెలల తర్వాత రాస్తున్నా, ఏమీ అనుకోకండి. నాన్న రేపు వెళ్లిపోతున్నారు.

జేమ్స్‌టౌన్‌లో పాత కోటలా కట్టిన చోట కొంచెం పొగాకు వేశారు. కోట, ఓడలు ఏవీ చూడలేదు, తిన్నగా అక్కడికే. "తల తుంచలేదేంది? పిలకలు తియ్యలేదేంది?" అని మొదలు. పాత కాలం బట్టలేసుకుని నిలబడ్డ కుర్రాణ్ణి పిలిచి సైగలతో చెప్పడం, నేను తర్జుమా. ఆ కుర్రాడు మంచోడు, సరే మీరే చూపించండి అన్నాడు. అరగంటలో రెండు సాళ్లు పిలకలు తీసేశారు. చేతులకి జిగురు. కారులో సీటుకి అంటింది, మావారు ఏమీ అనలేదు.

పుర్రె దగ్గరికి వెళ్లలేదు. ఫోర్ట్ మన్రోలో గట్టు మీద కూర్చోబెట్టి మీరు రాసింది రెండుసార్లు చదివి వినిపించాను. పాలేరు ముక్క దగ్గర చెయ్యెత్తి ఆపమన్నారు. కాసేపయ్యాక, చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్న ఒకతని పేరు చెప్పారు. నేనెప్పుడూ వినలేదు ఆ పేరు. అతని కొడుకు ఎక్కడున్నాడో కనుక్కోవాలన్నారు. ఇంకేం చెప్పలేదు.

అన్నా, మీరు మూడో ప్రశ్నకి జవాబు రాయలేదు. రోజూ అడుగుతున్నారు, ఎంత పలికింది అని. ఇంకోటి, వాళ్లకీ నో బిడ్లు (వేలంలో బేలుని ఎవరూ పాడకపోవడం), క్రాప్ హాలిడేలు (ఒక ఏడు పంట ఆపేయడం) ఉండేవా అని కూడా. 2000లో క్రాప్ హాలిడే ఇచ్చినప్పుడు మేం బ్యారన్ అప్పుల్లో ఉన్నాం, అది ఇంకా మర్చిపోలేదు.

టంగుటూరు బేలు:

అసలుదే మర్చిపోయా, తప్పు నాదే.

1619 ప్రాంతంలో మంచి ఆకు పౌను 3 షిల్లింగుల దాకా పలికింది. అందరూ ఎగబడి వేశారు. 1630కల్లా పౌను ఒక పెన్నీ. షిల్లింగుకి 12 పెన్నీలు, అంటే 36 వంతుల్లో ఒక వంతు. ఆ తర్వాత వందేళ్లూ ఏడుపే. 1682లో గోదాములు నిండిపోయి, ఒక ఏడాది పంట ఆపండి మహాప్రభో అని రైతులు మొత్తుకున్నారు, సభ వినలేదు. ఆ మేలో గ్లాస్టర్ కౌంటీలో గుంపులుగా బయల్దేరి ముందు తమ చేలల్లో మొక్కలు తామే నరికేసుకుని, తర్వాత పక్క చేలల మీద పడ్డారు. 1684లో చట్టం వచ్చింది, గుంపుగా పొగాకు మొక్కలు నరికితే రాజద్రోహం అని.

నో బిడ్ కూడా ఉంది. 1730 చట్టంతో ప్రతి బేలూ, అప్పట్లో పీపాలు అనుకో, సర్కారు గోదాములో ఇన్‌స్పెక్టర్ విప్పి చూడాలి. నాసి ఆకైతే వెనక్కి కూడా ఇవ్వరు, అక్కడే తగలబెడతారు. రైతులు ఊరుకుంటారా, కొన్ని చోట్ల ఆ గోదాములకే నిప్పు పెట్టారు.

రాత్రికే చదివి వినిపించు. రేపు విమానంలో ఇరవై గంటలు ఆలోచించుకోవడానికి ఉంటుంది ఆయనకి. ఊరెళ్లాక ఆ మనిషి కొడుకు దొరికితే నాకు ఒక మాట రాయి.